మంట అందుకునేదాకా ఆగలేదు

పొగను కొలిచే ఉద్యోగం ఒకటుంటదని నా చిన్నప్పుడు ఎవరన్న చెప్తే నవ్వేదాన్ని. జఫర్‌గఢ్ పక్కన మా పల్లెలో అమ్మ కట్టెల పొయ్యి ముందు కూసుంటే, దగ్గుడు, కండ్లు తుడుచుకునుడు కూడా వంటలో భాగమే అనుకున్నం. దాన్ని మీటరుతో కొలుస్తరని, కొలిచి కాగితం మీద రాస్తరని, ఆ రాతకు జీతం ఇస్తరని మాకు తెల్వది. కడకు నేను చేసింది ఆ పనే. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవాలు జర చెప్పున్రి" అంటరు. వాళ్లకు నేను ఎప్పుడూ బాగా నడిచిన ముచ్చట్లే చెప్పిన. నడవనిది ఒకటుంది. అది ఇన్నేండ్లకు వాళ్ల కోసమే రాస్తున్న.

నేను మెకానికల్ డిప్లొమా చదివిన. నా బ్యాచ్‌లో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఎక్కడెక్కడో పని చేసి, రిటైర్మెంటుకు కొన్నేండ్ల ముందు జనగామలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేరిన. హాస్టళ్లలో, బడుల్లో ఉన్న కట్టెల పొయ్యిలకు ఫిల్టర్లు బిగించుడు మా పని. గ్యాస్ ఉన్న హాస్టళ్లలో కూడా పెద్ద గంజుల్లో అన్నం ఉడకాలంటే కట్టెలే దిక్కు. ఆ పొయ్యిలను పగలగొట్టి కొత్తవి కట్టకుండ, ఉన్నదానికే పొగగొట్టం పెట్టి, ఆ గొట్టం మధ్యలో ఒక ఇనుప డబ్బా అమర్చేది. డబ్బాలో టేబుల్ సొరుగు లెక్క బయటికి గుంజితే వచ్చే సన్నటి తీగె జాలి ఉంటది. మసి ఆ జాలికి పట్టుకుంటది, బయటికి పోయే పొగ పలచబడ్తది. వారానికోసారి జాలి తీసి సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి మళ్లీ పెట్టాలె. మధ్యలో తియ్యొద్దు. ఆ 'తియ్యొద్దు' అన్న మాటను మేము ఎర్రక్షరాలతో రాయించి ప్రతి వంటింటి గోడకు అంటించినం.

డబ్బాలు చేసేది భూపాలపల్లిలో ఒక వెల్డరన్న. బొగ్గుబాయి వర్క్‌షాపుల్లో ఏండ్ల తరబడి పని చేసిన మనిషి. మాట తక్కువ. మొదటి డబ్బా చేతికిచ్చిన రోజే నన్ను ఒక సంగతి అడిగిండు.

"చెల్లె, దీన్ని ఏ కట్టెతోని పరీక్ష చేసిన్రు?"

"స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బడి వంటింట్లో చేసినం అన్నా. తుమ్మ కట్టె. బాగ ఎండింది."

"అందరు తుమ్మ కట్టెనే కాలుస్తరా?"

నేను ఆ ప్రశ్నను మా ఇంజినీర్ సార్‌కు చెప్పిన. సార్ కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండనే, "కట్టె కట్టెనే గదమ్మా" అన్నడు. నాకూ అది సబబుగనే తోచింది. వెల్డరన్న మళ్లీ అడగలేదు.

మహబూబాబాద్ దాటి అడవి దిక్కు పోయే తొవ్వలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. అక్కడ పెద్ద వంటామె పక్క తండా మనిషి. నా ఈడుదే. తెల్లారకముందే పొలాల గట్ల మీద నడిచొచ్చి పొయ్యి ముట్టించేది. ఆమె బిడ్డ అదే హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతుండె. బిడ్డ కండ్ల ముందు ఉంటదనే ఆ పనిలో చేరిందని కూరగాయలు కోసే ముసలామె చెప్పింది. ఫీల్డ్‌లో ఆడవాళ్లందరినీ అక్క అని పిలవాలని మాకు ట్రైనింగ్‌లో నేర్పిన్రు. నేనూ ఆమెను అక్కా అనే పిలిచిన. ఆ పిలుపుతోనే మనుషులు దగ్గరైతరని మాకొక నమ్మకం.

బిగించే రోజు ఆమె పక్కన నిలబడి డబ్బాను కిందామీదా చూసింది. జాలిని వేలితో తట్టింది.

"గిది పెట్టినంక పొగను గుంజుతదా మేడం?"

"గుంజుతది అక్కా. అందుకే గద పెడ్తున్నం."

"మాకు వచ్చేది జామాయిల్ కట్టె. తోటలు కొట్టినంక మిగిలిన కొమ్మలు. పచ్చిగనే ఏస్తరు. ముట్టించంగనే జిగురు జిగురు పొగ కక్కుతది. గా జిగురుకు నీ జాలి మూసుకపోతది సూడు."

"వారానికోసారి కడిగితే ఏం కాదు అక్కా."

ఆమె జాలి మీద ఇంకోసారి వేలు గీసి పొయ్యి దిక్కు పోయింది. ఆ సాయంత్రం నా నోట్‌బుక్కులో, "వంట సిబ్బందికి పూర్తి శిక్షణ ఇవ్వడమైనది" అని రాసిన. ఆమె చెప్పిన జిగురు మాట మాత్రం ఎక్కడా రాయలేదు. రాయడానికి ఆ ఫారంలో గడి లేకుండె.

కొన్ని నెలలకు ఆఫీసుకు ఒక అనుమానం వచ్చింది. వంటవాళ్లు ఫిల్టర్లు తీసి మూల పడేస్తున్నరని, మావాళ్లు వస్తున్నరని తెలిస్తేనే మళ్లీ పెడ్తున్నరని. కొన్నిచోట్ల అది నిజం కూడా. అందుకని చెప్పకుండ పోయి తనిఖీ చెయ్యమన్నరు. నాకు మహబూబాబాద్ దిక్కు మూడు హాస్టళ్లు వచ్చినయి. ముగ్గురు నలుగురు సూపర్‌వైజర్లలో నేను కొంచెం గట్టి మనిషినని పేరు. ఆ పేరు నాకు ఇష్టంగనే ఉండేది.

ఆ పొద్దు మొదట పోయింది ఈ హాస్టల్‌కే. అప్పుడే తెల్లారుతుంది. జీపు డ్రైవర్ ఇంజిన్ బంద్ చెయ్యలేదు. నేను సీదా వంటింట్లోకి పోయిన. పొయ్యి అప్పుడే ముట్టించినట్టున్నది, గంజు కింద కట్టెలు ఇంకా చిటపటమంటున్నయి. ఫిల్టర్ డబ్బాలో జాలి లేదు. జాలి కిటికీ అరుగు మీద ఉన్నది. సొరుగు దూరే సందుకు బయటి నుంచి నూనె డబ్బా రేకు ముక్క ఒకటి మూత లెక్క పెట్టి ఉన్నది.

"ఏందక్కా ఇది?"

ఆమె బియ్యం కడుగుతున్నది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది. భయపడలేదు. దొరికిపోయిన మనిషి ముఖం కాదది, ఏదో చూపిద్దామనుకుంటున్న మనిషి ముఖం. అది ఇప్పుడు తెలుస్తున్నది.

"మంట అందుకున్నంక పెడ్త మేడం. ముట్టించంగ తీస్త, మంట అందుకున్నంక పెడ్త. జర ఆగి సూడు."

"తియ్యొద్దని గోడకు రాసి పెట్టినం గద."

"సూసిన. నాకు సదువు రాదు గని నా బిడ్డ సదివి చెప్పింది. గిప్పుడు పెడితే మూడొద్దులకే మూసుకపోతది. గీ రేకు నేనే కోసి పెట్టిన. జర ఆగు మేడం, గా మంట లేవనియ్యి. నీ మిషన్ పెట్టి సూడు."

బయట డ్రైవర్ హారన్ కొట్టిండు. ఇంకా రెండు హాస్టళ్లు ఉన్నయి, పిల్లలు టిఫిన్ తినకముందే చేరాలె. నేను బయటికి పోయి గొట్టం కొస దగ్గర మీటర్ పెట్టిన. జాలి లేని గొట్టం, అప్పుడే ముట్టించిన పచ్చి కట్టె. మీటరు ఎట్ల చూపించాలో అట్లనే చూపించింది. ఇంకొక సంగతి కూడా ఆ రోజు నా ముందే ఉన్నది. అంతసేపు ఆ వంటింట్లో నిలబడ్డా నా కండ్లు మండలేదు. పొగ ఒక్క పోగు కూడా లోపలికి తిరిగి రాలేదు. నేను దాన్ని గమనించలేదు.

ఫారంలో రాసిన. "ఫిల్టర్ తొలగించబడినది. పరికరానికి అనుమతి లేకుండా రేకు అమర్చబడినది. వంట మనిషి నిర్లక్ష్యం." కింద ఆమె పూర్తి పేరు రాసిన. ఫోటో తీసిన. వార్డెన్ మేడంను లేపి సంతకం పెట్టించుకున్న. మంట అందుకునేదాకా పావుగంట పడ్తదేమో. నేను జీపెక్కిన.

రెండు వారాల తరువాత వేరే పని మీద ఫోన్ చేస్తే వార్డెన్ మేడం మాటల్లోనే చెప్పింది. ఆ రిపోర్టు హాస్టళ్ల పై ఆఫీసు దాకా పోయిందట. పైనుంచి ఏం చర్య తీసుకున్నరని అడిగిన్రట. పర్మినెంటు మనిషి కాదు గనుక ఆమెను పనికి రావద్దన్నరు, ఊళ్లో ఎవరో చెప్తే ఇంకొకామెను పెట్టుకున్నరు. నేను ఫోన్ పెట్టేసిన. రూల్ రూలే గద అనుకున్న. ఆ రోజు అన్నం మంచిగనే తిన్న.

ఆ వానాకాలం ముసురు పట్టి వారమంతా వదల్లేదు. ఒకరోజు పదకొండింటికి వార్డెన్ మేడం ఫోన్ చేసింది. కొత్త వంటామె పొయ్యి దగ్గర కండ్లు తిరిగి పడిపోయింది, గంజి వార్చే గంజు మీద పడి చెయ్యి, మెడ కాలినయి, మహబూబాబాద్ దవాఖానకు తీసుకపోయినమని.

ఆ రోజు వెల్డరన్న పని మీద జనగామకు వచ్చి ఉండె. ఇద్దరం కలిసి పోయినం. ముందుగా దవాఖానకు పోయినం. చిన్న వయసు మనిషి. చేతికి, మెడకు కట్లు. మమ్మల్ని చూసి లేవబోయింది.

"పండుకో అమ్మా. ఏమైంది?"

"పొగ తిరిగి ఇంట్లకే కొట్టింది మేడం. రెండు రోజుల సంది గట్లనే కొడ్తుంది. వాన జల్లు లోపల పడ్తుందని కిటికీలు మూసినం. తలకాయ బరువెక్కింది."

"మరి జాలి తియ్యకపోయినవా?"

ఆమె నన్ను వింతగ చూసింది.

"ఎట్ల తీస్త మేడం? తీసినందుకే గద ముందున్నామె పని పోయింది."

వెల్డరన్న గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. ఆమె తలాపున పెట్టిన స్టూల్ మీద కొంతసేపు కూసున్న. ఆమె ఇంకా నాకే సర్ది చెప్తున్నది, "నాలుగు రోజుల కిందనే కడిగిన మేడం, వారం కాలే" అని.

హాస్టల్‌కు పోయి సొరుగు గుంజితే రాలేదు. వెల్డరన్న సుత్తెతో కొట్టి గుంజిండు. జాలి కండ్లు ఒక్కటి కనబడలేదు. రోడ్డు మీద పోసే తారు లెక్క నల్లటి జిగురు గడ్డకట్టి ఉన్నది. నాలుగు రోజుల జిగురు. ఆయన గోటితో గీకి వాసన చూసిండు.

"జామాయిల్," అన్నడు. అంతే.

కూరగాయలు కోసే ముసలామె మా వెనకాలే నిలబడి చూస్తున్నది. ఏమనుకున్నదో, మూలకున్న చెక్కపెట్టె మీద నుంచి ఒక రేకు ముక్క తెచ్చి వెల్డరన్న చేతిలో పెట్టింది. ఆ నూనె డబ్బా రేకే. నేను ఫోటో తీసింది. అప్పుడు నేను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు చూసిన. చెయ్యి కోసుకపోకుండ నాలుగు అంచులు లోపలికి మడిచి ఉన్నయి. పట్టుకునేందుకు తీగె చుట్టి చిన్న పిడి పెట్టి ఉన్నది. వెల్డరన్న సందులో పెట్టి చూస్తే వెంట్రుక వాసి తేడా లేకుండ కూసున్నది.

"కొలత పెట్టి కోసిందే చెల్లె," అన్నడు ఆయన. "నేను కోసినా గింతే వస్తది."

"గామె రోజు ఏం చేసేదో చూపిస్తవా అవ్వా?" అని ముసలామెను అడిగిన.

ముసలామె చూపించింది. జాలి కడిగి అరుగు మీద పెట్టింది. సందుకు రేకు మూసింది. పొయ్యి ముట్టించింది. తెల్లటి చిక్కటి పొగ గొట్టం గుండ బయటికి పోయింది. మేము ముగ్గురం పొయ్యి ముందు కూసున్నం. కట్టెలు తడి ఆరి, చిటపటలు తగ్గి, మంట నిటారుగ నిలబడ్డంక ముసలామె రేకు తీసి జాలిని సొరుగులోకి నెట్టింది. మంట కదలలేదు. పొగ వెనక్కి రాలేదు. బయటికి పోయి మీటర్ పెట్టిన. మా స్టేషన్ ఘన్‌పూర్ పరీక్షలో ఎండిన తుమ్మ కట్టెకు వచ్చిన దానికన్న తక్కువే చూపించింది. జాలి తీసి చూస్తే సన్నటి పొడి మసి ఉన్నది, చేత్తో దులిపితే రాలింది.

జిగురంతా మొదటి పావుగంటలోనే వస్తదని ఆమెకు తెలుసు. ఆ పావుగంట జాలిని పక్కకు పెట్టి కాపాడుకున్నది. చదువుకున్న మాకు ఆ సంగతి తట్టలేదు.

మరుసటి రోజే నా రిపోర్టు తప్పని ఉత్తరం రాసుకొని వార్డెన్ మేడం దగ్గరికి పోయిన. ఆమె చదివి టేబుల్ మీద పెట్టింది. కోపం లేదు, అలసట ఉన్నది.

"రాసింది మీరే గద మేడం. ఇప్పుడు కాదంటున్నది కూడా మీరే. ఏ కాగితం నిజమని పైనోళ్లు నన్ను అడిగితే ఏం చెప్పాలె? పైగా ఆ పిల్ల చెయ్యి కాలి పండుకున్నది. ఇప్పుడు ఆమెను పొమ్మని పాతామెను రమ్మందునా?"

నేను ఉత్తరం వాపస్ తీసుకొని బయటికొచ్చిన. ఒకామెకు నేను చేసిన అన్యాయాన్ని సరిచెయ్యాలంటే ఇంకొకామెకు చెయ్యాలె. ఆ ఇంకొకామె చెయ్యి కాలింది కూడా నా రాత వల్లనే.

ఇంజినీర్ సార్ మాత్రం ఈసారి తల ఎత్తి విన్నడు. వెల్డరన్న అన్ని డబ్బాలకు మడత రేకు మూతలు చేసిండు. మంట అందుకునేదాకా మూత, అందుకున్నంక జాలి. గోడల మీద ఎర్రక్షరాలు తీసేసి కొత్తవి అంటించినం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు వంటిళ్లన్నిట్లో పొగ తిరిగి కొట్టుడు ఆగిపోయింది. పని నిజంగనే బాగైంది. ఆ మాట దాయను.

తరువాత జనగామలో పెద్ద మీటింగ్ పెట్టిన్రు. తెర మీద రేకు మూత బొమ్మ వేసి, "మా క్షేత్ర సిబ్బంది సూక్ష్మ పరిశీలన వల్ల రూపొందినది" అని చదివిన్రు. నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువ కప్పిన్రు. మైకు చేతికిచ్చిన్రు. నేను అందరికీ ధన్యవాదాలు చెప్పిన. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఎట్ల మొదలుపెట్టాలె? రేకు కోసిందెవరో చెప్తే, ఆమె ఇప్పుడెక్కడుందని అడుగుతరు. ఎందుకు పోయిందని అడుగుతరు. ఎవరు రాసిన్రని అడుగుతరు. మైకు తిరిగి ఇచ్చేసి దిగిన.

వెల్డరన్న వెనక వరుసలో కూసున్నడు. బస్టాండ్ దాకా నాతోనే నడిచిండు. భూపాలపల్లి దిక్కు పోయే బస్సు ఎక్కుతూ, మెట్టు మీద ఆగి, "చెప్తవనుకున్న చెల్లె," అన్నడు. నిష్ఠూరంగ కాదు. ఉన్న మాట చెప్పినట్టు. తరువాత కూడా మేం కలిసి చాలా రోజులు పని చేసినం గని ఆ ముచ్చట మళ్లీ రాలేదు.

రిటైరైన సంవత్సరం ఎండలు ముదరకముందు ఆ తండాకు పోయిన. అంతకుముందు పోకుండ ఉండటానికి నాకు చాలా పనులు దొరికినయి, రిటైరైనంక ఒక్కటి కూడా దొరకలేదు. ఆమె ఇంటి దగ్గర లేదు. మిర్చి కల్లం కాడ ఉన్నదని చెప్పిన్రు. నలుగురైదుగురు ఆడవాళ్లు ముక్కుకు గుడ్డలు కట్టుకొని ఎండిన మిర్చిలో తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతున్నరు. ఆమెనే నన్ను ముందు గుర్తుపట్టింది.

"మీటర్ మేడం గద," అన్నది పక్కనున్నామెతో. లేచి, గుడ్డ విప్పి, నాకు ఒక గోనెసంచి పరిచింది.

ఘాటుకు నాకు దగ్గొచ్చింది. ఆమె నవ్వి నీళ్లిచ్చింది. బిడ్డ సంగతి అడిగిన. పదో తరగతి పాసయ్యి ఇప్పుడు నర్సింగ్ చదువుతుందని చెప్పింది. "నాకు ఆడ పని పోయినంక రెండు నెలలు నాతోని మాట్లాడలే. దొంగతనం చేసినవా అమ్మా అని అడిగింది. పిల్లలు ఏమేమో అన్నరంట. తరువాత మంచిగైంది."

నేను అంతా చెప్పిన. కొత్తామె కాలిన సంగతి, రేకు సంగతి, ముసలామె ముట్టించి చూపించిన సంగతి, శాలువ సంగతి. ఏదీ దాచలేదు. ఆమె చేతులు ఆపకుండ తాలు ఏరుతనే విన్నది. కొత్తామె ముచ్చట వచ్చినప్పుడు మాత్రం చేతులు ఆగినయి.

"పిల్లకు చెయ్యి మంచిగైందా?"

"అయింది. మచ్చలున్నయి."

"ఇప్పుడు అన్ని తాన్ల మూత పెడ్తున్నరా?"

"పెడ్తున్నరు అక్కా."

"గట్లయితే మంచిదే." కొంచెం ఆగి అన్నది, "నాకు పని పోయిందని కోపం లేదు మేడం. గా పని కాకపోతే గీ పని. జర ఆగమన్న గద, నువ్వు ఆగలే. గదే యాదికొస్తది."

తప్పయిందని చెప్పిన. ఆమె ఇంకో దోసెడు మిర్చి ముందుకు గుంజుకున్నది. నేను సంచిలో నుంచి కాగితం తీసిన. ఇంటి దగ్గరే రాసుకొని తెచ్చిన ఉత్తరం. ఆ మూత తయారుచేసింది ఈమె అని సంస్థకు, పై ఆఫీసుకు తెలపాలని. పేరు దగ్గర ఖాళీ ఉంచిన. తండాలో పిలిచే పేరు రాయాల్నా, ఆధార్ కార్డుల పేరు రాయాల్నా అని అడిగిన.

ఆమె ఆ కాగితం దిక్కు చూసింది. చదువు రాకపోయినా చాలాసేపు చూసింది. తరువాత మళ్లీ ముక్కుకు గుడ్డ కట్టుకున్నది.

"నా పేరు ఒక్కసారి రాసినవు గద మేడం," అన్నది. "సాలు. ఇంక రాయకు."

కుప్ప ముందు కూసున్నది. నేను లేచిన. ఫోన్ చేసి అడిగే పిల్లలూ, మీరు ఈ పనిలో ఉన్నరు గనుక ఇదంతా రాసిన. ఆమె పేరు మాత్రం రాయలేదు.